పొగాకు పండించినవాళ్లూ, ధర కట్టినవాళ్లూ

(చెన్నై టి. నగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. పాండీ బజార్ ట్రాఫిక్ దాటుకుని ఇంత మంది వచ్చారంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. అదీ పొగాకు గురించి వినడానికి! మా ఇంట్లోవాళ్లు మాత్రం "ఆదివారం పూట ఎవరొస్తారండీ దానికి" అన్నారు.

నాకు అప్పజెప్పిన విషయం, వలస పాలనలో పొగాకు సాగు. ఆ మాట వినగానే మీలో సగం మంది గుంటూరు గురించి చెబుతాననుకుని ఉంటారు. వెనక వరసల్లో చీరాల, ఒంగోలు, పొన్నూరు వాళ్లున్నారు, చూస్తున్నాను. గుంటూరుకు వస్తాను, తప్పకుండా వస్తాను. కానీ ముందు అమెరికా వెళ్లాలి. గుంటూరు నల్లరేగడిలో పండించింది వర్జీనియా పొగాకు కదండీ. ఆ వర్జీనియా అనేది మొదట ఒక ఊరికో రకానికో పెట్టిన పేరు కాదు, ఇంగ్లీషువాళ్లు అమెరికాలో నిలబెట్టుకున్న మొట్టమొదటి కాలనీ అది. అక్కడ ఈ పంట చుట్టూ ఒక ఏర్పాటు తయారైంది. ఎవరు పండించాలి, ఎవరు కొనాలి, ఎవరు రేటు కట్టాలి, నష్టం ఎవరి నెత్తిన పడాలి అనే ఏర్పాటు. మూడు వందల ఏళ్ల తర్వాత మన దగ్గరికి విత్తనం వచ్చినప్పుడు అందులో కొంత భాగం వెంట వచ్చింది. ఎంత వచ్చింది, ఎంత రాలేదు? ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్కటే.

ఒక సంగతితో మొదలుపెడతాను. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మన కోస్తాకు వచ్చింది. తెలుగు నేల మీద మొదట ఎక్కడ ఆగిందో తెలుసా? నిజాంపట్నంలో. అప్పట్లో దాన్ని పెద్దపల్లి అనేవారు. అక్కణ్నుంచి మచిలీపట్నం వెళ్లింది. ఈస్టిండియా కంపెనీ తెలుగు నేల మీద కాలు పెట్టడం అలా జరిగింది. మన మద్రాసు కోట కట్టడానికి ఇంకా ముప్పై ఏళ్లు టైముంది. సరే, అప్పుడు లండన్‌లో ఆ కంపెనీకి గవర్నరు ఎవరు? సర్ థామస్ స్మైత్ అనే పెద్ద వ్యాపారి. అదే సమయంలో ఈ పెద్దమనిషి ఇంకో కంపెనీకి కూడా అధిపతి. అదే వర్జీనియా కంపెనీ. ఒకే మనిషి, ఒక చేత్తో నిజాంపట్నం, ఇంకో చేత్తో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్!

కానీ ఆ రెండు చోట్లా పని ఒకటి కాదు. మన దగ్గరికి వచ్చినవాళ్లకు ఇక్కడ సరుకు సిద్ధంగా ఉంది. మన నేతగాళ్లు నేసిన బట్ట ఉంది, అద్దకం ఉంది. కొనుక్కుని ఓడ ఎక్కించుకుంటే చాలు. వర్జీనియాలో కొనడానికేముంది? అడవి, నది, దోమలు. లండన్‌లో షేర్లు కొన్నవాళ్లేమో లాభమేదీ అని అడుగుతున్నారు. అంటే అక్కడ సరుకును పుట్టించాలి. కాలనీకి పంట ఎందుకు అవసరమైందో అర్థం కావాలంటే ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

జేమ్స్‌టౌన్ మొదలైంది 1607లో. వంద మంది పైచిలుకు మగాళ్లు, కుర్రాళ్లు దిగారు. బంగారం దొరుకుతుందనుకున్నారు, దొరకలేదు. గాజు చేద్దామన్నారు, పట్టుపురుగులు పెంచుదామన్నారు, తారు తీద్దామన్నారు. ఏదీ గిట్టుబాటు కాలేదు. 1609 చలికాలంలో కరువొచ్చింది. దాదాపు 500 మంది ఉన్న చోట వసంతానికి 60 మంది మిగిలారు. గుర్రాలను తిన్నారు, కుక్కలను తిన్నారు, ఆపైన ఏం తిన్నారో భోజనాల వేళ చెప్పను.

ఆ తర్వాత ఏడాది జాన్ రోల్ఫ్ అనే అతను వచ్చాడు. పోకహంటస్‌ను పెళ్లి చేసుకున్నవాడు, మీ పిల్లలు కార్టూన్లలో ఆ పేరు వినే ఉంటారు. మనకు కావాల్సింది ఆ పెళ్లి కాదు, అతని నారుమడి. అక్కడి ఆదివాసులు పొగాకు ఎప్పటినుంచో పండించుకుంటున్నారు, కానీ అది బాగా ఘాటు. లండన్‌లో మోజున్నది స్పెయిన్‌వాళ్లు దీవుల నుంచి తెచ్చి అమ్మే మెత్తటి ఆకు మీద. రోల్ఫ్ ఆ దీవుల విత్తనం తెప్పించి 1612లో వేశాడు. పండింది. ఒకటి రెండేళ్లలో మొదటి సరుకు ఇంగ్లండు వెళ్లింది.

ఇక చూడండి. 1617లో శామ్యూల్ ఆర్గాల్ అనే కొత్త అధికారి జేమ్స్‌టౌన్‌లో దిగేసరికి వీధుల్లో పొగాకు, సంత బయల్లో పొగాకు, ఎక్కడ జానెడు ఖాళీ ఉంటే అక్కడ పొగాకు. ఇళ్లు కూలిపోతుంటే బాగుచేసుకునే తీరిక లేదు ఎవరికీ. అంతకు ముందు ఏడాదే గవర్నరు రూలు పెట్టాల్సి వచ్చింది, ముందు రెండెకరాలు మొక్కజొన్న వేస్తేనే పొగాకు వేయనిస్తాం అని. తిండికి మాడి చచ్చి ఏడేళ్లు కాలేదు, తిండిగింజలు వేయండి బాబూ అని చట్టం చేసి చెప్పాల్సి వచ్చింది! నవ్వుతున్నారు. మన జిల్లాల్లో పత్తికి, మిర్చికి రేటు వచ్చిన ఏడాది ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు నవ్వకూడదు.

ఇందులో రాజుగారి ముచ్చట ఒకటుంది. మొదటి జేమ్స్ రాజుకు పొగాకంటే ఒళ్లుమంట. 1604లో దాన్ని తిడుతూ స్వయంగా ఒక చిన్న పుస్తకం రాశాడు. కంటికి చెడు, ముక్కుకు కంపు, మెదడుకు హాని అని. అక్కడితో ఆగలేదు. పౌను బరువుకు రెండు పెన్నీలున్న సుంకాన్ని ఆరు షిల్లింగుల పది పెన్నీలు చేశాడు. షిల్లింగుకు 12 పెన్నీలు, లెక్కేసుకోండి, 41 రెట్లు. మరి మాన్పించాడా? లేదు. కాలనీ ఆకు రావడం మొదలయ్యాక ఆ సుంకం ఖజానాకు అలవాటైపోయింది. తిడుతూనే వసూలు చేయడం, వసూలు చేస్తూనే తిట్టడం. సిగరెట్ పెట్టె మీద బొమ్మ వేసి, బడ్జెట్‌లో పన్ను పెంచుకునే మన ప్రభుత్వాలకు ఆయన మూలపురుషుడన్నమాట.

రేటు సంగతికి వద్దాం. 1619లో వర్జీనియాలో మొదటి శాసనసభ కూర్చుంది. అమెరికా ప్రజాస్వామ్యానికి అది పుట్టినరోజని వాళ్లు ఘనంగా చెప్పుకుంటారు. ఆ సభ చేసిన మొదటి పనుల్లో ఒకటి పొగాకు ధర కట్టడం. మంచి రకం పౌను మూడు షిల్లింగులు, రెండో రకం పద్దెనిమిది పెన్నీలు. ఎగుమతి 1617లో 20 వేల పౌన్లుంటే 1629కి 15 లక్షల పౌన్లయింది. పన్నెండేళ్లలో 75 రెట్లు! మరి ధర? 1630 వచ్చేసరికి పౌను ఒక పెన్నీకి, అంతకన్నా తక్కువకు పడిపోయింది. 36 పెన్నీల నుంచి ఒక్క పెన్నీకి.

రేటు పడితే రైతు ఏం చేస్తాడు? తగ్గిస్తాడా? పుస్తకంలో అయితే తగ్గిస్తాడు. నిజంగా ఏం చేస్తాడు? అప్పులు అలాగే ఉన్నాయి, పన్నులు అలాగే ఉన్నాయి. కాబట్టి ఇంకో ఎకరం వేస్తాడు. పక్కవాడూ వేస్తాడు. రేటు ఇంకా పడుతుంది. 1682లో ఇది ఎంత దూరం పోయిందంటే, వర్జీనియాలో కొందరు రైతులు గుంపులు కట్టి పొలాల్లో పడి మొక్కలు నరికేశారు. ముందు తమవి నరుక్కుని, తర్వాత పక్కవాళ్లవి నరికారు. సరుకు తగ్గితేనన్నా రేటు వస్తుందని. ప్రభుత్వం దాన్ని రాజద్రోహం కింద కట్టింది. ఎందుకు కట్టదు? మొక్క నరికితే పోయేది రైతు పంట ఒక్కటే కాదు, రాజుగారి సుంకం కూడా.

పొగాకే రూపాయి

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం. వర్జీనియాలో నాణేలు కరువు. ఇంగ్లండు పంపదు, అక్కడ ముద్రించుకోనివ్వదు. మరి లావాదేవీలు ఎలా? పొగాకుతో. పన్ను పొగాకులో, జరిమానా పొగాకులో, జీతం పొగాకులో. కాలనీలో మగాళ్లే ఉన్నారు, కాపురాలు లేకపోతే నిలబడరని కంపెనీ ఇంగ్లండు నుంచి అమ్మాయిలను ఓడల్లో పంపింది. పెళ్లి చేసుకునేవాడు ఆ అమ్మాయి దారిఖర్చు కంపెనీకి కట్టాలి. ఎంత? 120 పౌన్ల మేలురకం ఆకు. తర్వాత దాన్ని 150 చేశారు. అమ్మా, మీరు అలా చూడకండి, ఇది నేను పెట్టిన రేటు కాదు!

పంటే డబ్బయితే ఏమవుతుందో ఆలోచించండి. దొంగనోట్లు ముద్రించక్కర్లేదు, కుళ్లిన ఆకు కట్టలో దోపితే చాలు. అడుగున చెత్త, పైన మంచి ఆకు. పన్ను కట్టేవాడు ఏ ఆకు ఇస్తాడు? ఇంట్లో ఉన్న నాసిది ఇస్తాడు. వంద ఏళ్లు ఈ గొడవ నడిచాక 1730లో గూచ్ అనే గవర్నరు తనిఖీ చట్టం తెచ్చాడు. నదుల ఒడ్డున సర్కారు గోదాములు పెట్టారు. రైతు సరుకును అక్కడికి చేర్చాలి. ఎలా చేరుస్తాడు? పొగాకును పెద్ద పెద్ద పీపాల్లో కుక్కేవాళ్లు, ఒక్కోటి వెయ్యి పౌన్ల దాకా తూగేది, అంటే నాలుగున్నర క్వింటాళ్లు. పీపాకే ఇరుసు బిగించి, గుర్రాలనో ఎద్దులనో కట్టి, రోడ్డు మీద దొర్లించుకుంటూ తీసుకెళ్లేవాళ్లు. అలా పీపాలు దొర్లిన దారులకు ఆ పేర్లే ఈనాటికీ అక్కడ కొన్నిచోట్ల ఉన్నాయి.

గోదాములో తనిఖీదారు పీపా తెరిపించి, లోపల గడ్డపార దింపి ఆకు పైకి లాగి చూస్తాడు. బాగుంటే తూకం వేసి ఒక చీటీ రాసిస్తాడు. బాగా లేకపోతే? అక్కడే తగలబెడతారు. రైతు కళ్లముందే. ఆ చీటీ మాత్రం డబ్బులాగా చేతులు మారేది. చీటీతో పన్ను కట్టొచ్చు, కొట్లో సరుకు కొనొచ్చు, అప్పు తీర్చొచ్చు. పెద్ద భూస్వాములకు ఈ చట్టం నచ్చింది. చిన్నరైతు ఏమన్నాడు? నా దగ్గరున్నదే నాసి ఆకు, దాన్ని కాల్చేస్తే నేను పన్ను దేంతో కట్టాలి అన్నాడు. ఆ కోపంలో కొన్ని గోదాములే తగలబడ్డాయి. ఇక్కడ నేను చిన్నరైతు పక్షం పూర్తిగా వహించలేను. తనిఖీ వచ్చాక వర్జీనియా ఆకుకు పేరొచ్చింది, రేటు కొంత నిలబడింది, అది నిజం. కానీ నాణ్యత పేరుతో ఎవరి ఆకు కాలింది అన్నది కూడా అడగాలి కదా.

పూజారుల కథ కూడా వినండి. అక్కడ చర్చి పాస్టర్లకు చట్టప్రకారం జీతం ఏడాదికి 16 వేల పౌన్ల పొగాకు. 1758లో పంట పోయింది, పొగాకు ధర పౌను ఆరు పెన్నీల దాకా వెళ్లింది. పాస్టర్లకు పండగే. కానీ శాసనసభ ఒక చట్టం చేసింది, ఈ ఏడాది పొగాకు బాకీలన్నీ పౌనుకు రెండు పెన్నీల లెక్కన డబ్బుగా కట్టుకోవచ్చని. పాస్టర్లు లబోదిబోమన్నారు. రేటు పడ్డ సంవత్సరాలన్నీ నోరుమూసుకుని ఆకు తీసుకున్నాం, పెరిగిన ఒక్క ఏడాది మా నోరు కొడతారా అని. న్యాయంగానే ఉంది కదా? లండన్‌కు ఫిర్యాదు చేశారు. రాజు ఆ చట్టాన్ని కొట్టేశాడు. ఒక పాస్టర్ బకాయి కోసం కోర్టుకెళ్లాడు. 1763లో నష్టపరిహారం ఎంతో తేల్చే విచారణ జరిగింది. అవతలి పక్షాన పాట్రిక్ హెన్రీ అనే కుర్ర లాయరు లేచి, ప్రజల మేలు కోసం చేసిన చట్టాన్ని కొట్టేసిన రాజు రాజే కాదు, నిరంకుశుడు అన్నాడు. కోర్టులో రాజద్రోహం, రాజద్రోహం అని కేకలు. జ్యూరీ ఆ పాస్టర్‌కు ఇప్పించిన పరిహారం ఎంతో తెలుసా? ఒక్క పెన్నీ. అమెరికా స్వాతంత్ర్య పోరాటం అనగానే మనకు బోస్టన్ టీ గుర్తొస్తుంది. దానికి పదేళ్ల ముందే పొగాకు జీతం మీద ఈ గొడవ జరిగింది.

చేతులు ఎవరివి?

పొగాకు వేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఇది చేతుల పంట. నారు పోయాలి, నాటాలి, ఆకు ఆకూ చూసుకుంటూ పురుగు ఏరాలి, తల తుంచాలి, పిలకలు గిల్లాలి, కోయాలి, ఆరబెట్టాలి, రకాలు ఏరి కట్టలు కట్టాలి. ఏడాదంతా పని. పైగా నేలను పీల్చేస్తుంది. అక్కడి పద్ధతిలో ఒక చెక్కలో మూడు నాలుగేళ్లు వేసి, దాన్ని ఇరవై ఏళ్లు బీడు పెట్టి, అడవి నరికి కొత్త చెక్కలోకి పోయేవాళ్లు. అంటే ఈ పంటకు రెండు కావాలి. ఎప్పటికప్పుడు కొత్త భూమి, ఎప్పటికప్పుడు కొత్త చేతులు.

భూమి ఎవరిది? అక్కడి ఆదివాసులైన పౌహటన్ తెగలది. పొగాకు తోటలు నదుల వెంట పైపైకి పాకుతుంటే వాళ్లు ఊరుకోలేదు. 1622 మార్చిలో ఒక్కరోజే దాడి చేసి 347 మంది వలసదారులను చంపారు. ఆ సాకుతో ఇంగ్లీషువాళ్లు ఇక రాజీమాట లేకుండా వాళ్లను తరిమేశారు. 1624లో రాజు కంపెనీ పట్టా రద్దు చేశాడు. పొగాకు కాలనీని నిలబెట్టిందని అందరూ రాస్తారు. నిజమే. కానీ కంపెనీని నిలబెట్టలేదు, షేర్లు కొన్నవాళ్లకు పైసా రాలలేదు.

చేతులకోసం మొదట ఇంగ్లండు పేదలను తెచ్చారు. దారిఖర్చు పెట్టి తెచ్చినవాడికి నాలుగు నుంచి ఏడేళ్లు వెట్టి చేయాలి. తెచ్చినవాడికేమో మనిషికి 50 ఎకరాల చొప్పున భూమి. ఇది ఎంత తెలివైన పథకమో చూడండి, కూలీని తెచ్చినందుకు భూమి, ఆ భూమిలో మళ్లీ అదే కూలీ. వచ్చినవాళ్లలో చాలామంది మొదటి ఏడాది జ్వరాలకే పోయేవాళ్లు. గడువు తీరేదాకా బతికితే కదా సొంత పొలం.

1619 ఆగస్టులో, అదే శాసనసభ కూర్చున్న కొన్ని వారాలకే, వైట్ లయన్ అనే ఓడ ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను దింపింది. తిండిసామాను ఇచ్చి వాళ్లను కొనుక్కున్నారు. అక్కడినుంచి నేరుగా బానిసత్వం వచ్చిందనుకోకండి. చాలా దశాబ్దాలు తెల్ల వెట్టివాళ్లే ఎక్కువ. ఒక్కో చట్టంతో అది బిగుసుకుంది. 1662లో, బిడ్డ బానిసా కాదా అన్నది తల్లిని బట్టి అని రాశారు. ఇంగ్లండులో ఏ హక్కయినా తండ్రిని బట్టి వస్తుంది. ఇక్కడ మాత్రం తల్లి! ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది, యజమాని తన వల్ల పుట్టిన బిడ్డను కూడా ఆస్తిలో కలుపుకోవచ్చు. 1667లో, బాప్తిస్మం తీసుకున్నా విడుదల లేదు అని రాశారు. 1676లో బేకన్ అనే భూస్వామి నడిపిన తిరుగుబాటు జరిగింది. గడువు తీరినా పొలం దొరకని తెల్లవాళ్లు, నల్లవాళ్లు కలిసి జేమ్స్‌టౌన్‌ను తగలబెట్టారు. అటు ఇంగ్లండు నుంచి వచ్చే వెట్టివాళ్లు తగ్గారు, ఇటు ఆఫ్రికా ఓడలు పెరిగాయి. 1750 నాటికి వర్జీనియా జనంలో నూటికి 40 మందికి పైగా నల్లవాళ్లు. పొగాకే బానిసత్వాన్ని పుట్టించింది అనే మాట నేను అనను. చెరకు తోటలు ఆ దారి ముందే చూపించాయి. కానీ పెన్నీ ధరకు లాభం రావాలంటే కూలి సున్నా కావాలి. ఆ లెక్క మాత్రం పొగాకుదే.

ఇక లండన్ సంగతి. 1660 చట్టం ప్రకారం వర్జీనియా పొగాకు ముందు ఇంగ్లండుకే వెళ్లాలి. నేరుగా డచ్చివాళ్లకో ఫ్రాన్సుకో అమ్మడానికి వీల్లేదు. ఇంగ్లండు ఆ ఆకంతా తాగేదా? లేదు. మూడింట రెండు వంతులకు పైగా మళ్లీ యూరప్‌కు ఎగుమతి చేసేది. సుంకం రాజుకు, కమిషను వ్యాపారికి, ఓడ కిరాయి ఓడవాడికి. అంతేకాదు, ఇంగ్లండులోనే గ్లోస్టర్‌షైర్ రైతులు పొగాకు పండించేవాళ్లు, బాగానే పండించేవాళ్లు. దాన్ని నిషేధించారు! వాళ్లు మానకపోతే సిపాయిలను పంపి పంట తొక్కించారు. ఎందుకంటే ఇంట్లో పండితే సుంకం రాదు. సొంత రైతు పంట తొక్కించి మరీ కాలనీ పంటను కాపాడింది సుంకం కోసమే.

1707లో స్కాట్లాండు ఇంగ్లండుతో కలిశాక గ్లాస్గో వ్యాపారులు దిగారు. వీళ్ల పద్ధతి వేరు. వర్జీనియా పల్లెల్లోకి వెళ్లి కొట్లు పెట్టారు. బట్ట, ఉప్పు, పనిముట్లు అరువుకిచ్చి, పంట రాగానే ఆకు జమకట్టుకునేవాళ్లు. రేటు? కొట్టువాడు చెప్పిందే. వడ్డీ? అదీ కొట్టువాడు చెప్పిందే. ఎక్కడో విన్నట్టుందా? వెనక వరసలో తలలూపుతున్నారు. ఆ పొగాకు డబ్బుతో గ్లాస్గోలో లేచిన వీధులకు ఇప్పటికీ ఆ వ్యాపారుల పేర్లే ఉన్నాయి. వర్జీనియా స్ట్రీట్ కూడా ఉంది.

పెద్ద భూస్వాములు లండన్ ఏజెంట్లకు పంపేవాళ్లు. జార్జ్ వాషింగ్టన్ కూడా. నా ఆకుకు తక్కువ రేటు వేశారు, నాకు పంపిన సామాను నాసిది అని ఏజెంటుకు ఉత్తరాలు రాసీ రాసీ, చివరికి 1760ల్లో పొగాకు మానేసి గోధుమ వేసుకున్నాడు. ఆయనకు వేల ఎకరాలున్నాయి కాబట్టి మానగలిగాడు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్, ఆయనా వర్జీనియా భూస్వామే, ఏమన్నాడంటే, ఈ అప్పులు తండ్రి నుంచి కొడుక్కి తరతరాలుగా వస్తున్నాయి, భూస్వాములు లండన్ వ్యాపారుల ఆస్తిలో ఒక భాగమైపోయారు అన్నాడు. మన రైతు అప్పులో పుట్టి, అప్పులో పెరిగి, అప్పులో పోతాడని మనం అనుకునే మాటే. కానీ ఆగండి. మేం ఇంకొకరి ఆస్తి అయ్యాం అని వాపోతున్న ఈ మనిషి తన జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా మనుషులను ఆస్తిగా ఉంచుకున్నవాడు. ఆ మాట రాసేటప్పుడు ఆయన కలం ఎక్కడా తడబడలేదు.

గుంటూరు దాకా

వర్జీనియా నుంచి గుంటూరుకు రావాలంటే మధ్యలో ఒక రాత్రి ఆగాలి. 1839, ఉత్తర కరోలినాలో కాస్వెల్ కౌంటీ. స్టీఫెన్ అనే బానిస, కమ్మరి పని చేసేవాడు, పొగాకు ఆరబెట్టే కొట్టంలో నిప్పు చూసుకుంటూ కునుకు తీశాడు. లేచేసరికి నిప్పు ఆరిపోవస్తోంది. కంగారుపడి కమ్మరి కొలిమి దగ్గరున్న బొగ్గులు తెచ్చి వేశాడు. వేడి ఒక్కసారిగా పెరిగింది. ఆకు గోధుమరంగుకు తిరగకుండా పసుపుకొమ్ములా ఆరింది. కథ ఇలా చెబుతారు. ఆ పసుపు ఆకుకు మార్కెట్లో ఎక్కడలేని రేటు వచ్చింది. తర్వాత పొగ తగలకుండా గొట్టాల ద్వారా వేడి పంపే పద్ధతి వచ్చింది. సిగరెట్‌కు ఆ ఆకే కావాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మీరు చూసిన బ్యారన్లు, అంటే వేడి పెట్టి ఆకు ఆరబెట్టే గదులు, అన్నీ ఆ రాత్రికి వారసులే. లాభం ఎవరికెళ్లిందంటారా? స్టీఫెన్ యజమానికి.

మనకు పొగాకు కొత్తేమీ కాదు. పోర్చుగీసువాళ్ల పుణ్యమా అని 1600 ప్రాంతంలోనే వచ్చింది. గోదావరి లంకల్లో పండే లంకాకు, దాంతో చుట్టిన చుట్ట, మచిలీపట్నం నస్యం ఇవన్నీ మన సొంత మార్కెట్లు. వేసినవాడు సంతలో అమ్ముకుంటాడు, బేరం తెగకపోతే ఇంటికి తెచ్చుకుంటాడు, ఏమీ కాకపోతే తనే చుట్ట చుట్టుకుంటాడు. సిగరెట్ పొగాకు అలా కాదు. కంపెనీ తప్ప దాన్ని కొనేవాడు లేడు.

1910లో ఇంపీరియల్ టొబాకో కంపెనీ కలకత్తాలో పెట్టారు. 1912లో ఆకు సేకరణ కోసం గుంటూరు కేంద్రంగా ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వచ్చింది. మనవాళ్లు ఐఎల్‌టీడీ అనేవాళ్లు, చీరాలవాళ్లయితే కంపెనీ అంటే చాలు. 1920ల్లో వర్జీనియా రకం నిలదొక్కుకుంది, 1928 ప్రాంతం నుంచి బ్యారన్ క్యూరింగ్ మొదలైంది. వెనక ఇంకో కారణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ అమెరికాకు బాకీ పడింది. అమెరికా ఆకుకు బదులు సొంత సామ్రాజ్యం ఆకు కొనడం మేలనుకుంది. సామ్రాజ్యంలో పండిన ఆకుకు 1919లో సుంకంలో ఆరో వంతు, 1925లో నాలుగో వంతు రాయితీ ఇచ్చింది. 1932 ఒట్టావా ఒప్పందం దాన్ని గట్టిపరిచింది. అంటే గుంటూరు రైతు పొగాకు వేయాలా వద్దా అన్నది లండన్ బడ్జెట్‌లో తేలేది. మొదటి జేమ్స్ రాజు సుంకం వర్జీనియాను పెంచినట్టే, ఈ రాయితీ గుంటూరును పెంచింది.

నల్లరేగడిలో, వానలు వెనకబట్టాక నాటి, నేలలో మిగిలిన తేమతోనే పండించే ఆకు అది. దానికి పెద్ద రుచి, వాసన ఉండవు. సిగరెట్‌లో ఖరీదైన ఆకుకు తోడు నింపుడు ఆకుగా వాడతారు. ఈ ఒక్క సంగతిలో రైతు బేరం బలం ఎంతో ఉంది. నింపుడుకి గుంటూరు కాకపోతే ఆఫ్రికాలో రొడీషియా, న్యాసాలాండ్ ఉన్నాయి, అవీ సామ్రాజ్యమే, వాటికీ అదే రాయితీ.

బ్యారన్ రాత్రి మీలో కొందరు చూసే ఉంటారు. పచ్చాకు రెలిచి, అంటే కోసి, కర్రలకు కట్టి, అంతస్తులుగా వేలాడదీసి, అయిదారు రోజులు వేడి పెంచుకుంటూ పోవాలి. మొదట రంగు తిరగాలి, తర్వాత ఈనె ఎండాలి. ఒక రాత్రి నిద్రపోతే ఆకు మాడుతుంది, లేదా పచ్చగానే ఉండిపోతుంది. గది కట్టిన ఖర్చు రైతుది, కట్టెల ఖర్చు రైతుది, నిద్ర రైతుది. తీరా కొనుగోలు కేంద్రంలో కంపెనీ మనిషి కట్టలోంచి ఒక ఆకు తీసి, వేళ్ల మధ్య నలిపి, ఒక గ్రేడు చెబుతాడు. ఒక్క గ్రేడు కిందకి దిగితే ఆ ఏడాది లెక్క తలకిందులు. వర్జీనియా గోదాములో గడ్డపార దింపిన తనిఖీదారు కనీసం సర్కారు మనిషి. ఇక్కడ గ్రేడు కట్టేవాడూ, కొనేవాడూ ఒకడే.

అయితే రెండూ ఒకటే అని నేననను. మన దగ్గర పండించింది సొంత భూమి, లేదా కౌలు భూమి ఉన్న రైతు. బానిసత్వం లేదు. కూలీలు ఉన్నారు, గ్రేడింగ్ షెడ్లలో వేలాది ఆడవాళ్లున్నారు, వాళ్ల చేతుల మీదే పరిశ్రమ నడిచింది, వాళ్ల గురించి రాసింది తక్కువ. రెండోది, పొగాకు గుంటూరులో డబ్బు కూడా తెచ్చింది. మేడలు లేచాయి, పిల్లలు ఇంజినీర్లయ్యారు, మద్రాసులో చదువుకున్నారు. ఈ హాల్లోనే అలా వచ్చినవాళ్లు ఉండి ఉంటారు. కంపెనీ దోచుకుంది అని ఒక్కమాటలో తేల్చేస్తే ఆ కుటుంబాలకే నవ్వొస్తుంది. రేటు వచ్చిన ఏడాది రైతు బాగుపడ్డాడు, నిజమే. రేటు వచ్చే ఏడాది ఏదో ఆయన చేతిలో లేదు, అదీ నిజమే. 1930ల మాంద్యంలో ధరలు కూలినప్పుడు బ్యారన్ కట్టడానికి చేసిన అప్పు మాత్రం కూలలేదు.

1943లో, యుద్ధం మధ్యలో, వలస ప్రభుత్వం పొగాకు మీద ఎక్సైజు సుంకం వేసింది. చుట్టాకు, బీడీ ఆకు, నస్యం దేన్నీ వదల్లేదు. అప్పటిదాకా ఇంట్లో చుట్ట చుట్టుకున్న రైతు వాకిట్లోకి ఎక్సైజు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. 1945లో కేంద్ర పొగాకు కమిటీ పెట్టారు. దాని ఆఫీసు ఎక్కడనుకున్నారు? ఈ మద్రాసులోనే. రాజమండ్రిలో పరిశోధనా సంస్థ 1947లో వచ్చింది. తెల్లవాళ్లు వెళ్లారు, మద్రాసు నుంచి మనం విడిపోయాం, గ్రేడు కట్టే చెయ్యి మాత్రం చాలాకాలం మారలేదు. 1976లో గుంటూరులో పొగాకు బోర్డు వచ్చింది. వేలం కేంద్రాలు కర్ణాటకలో 1984లో, ఆంధ్రలో ఆ మరుసటి ఏడాది మొదలయ్యాయి. పది మంది కొనేవాళ్లు ఒకచోట నిలబడి పాడటం అప్పుడు మొదలైంది.

వేలం వచ్చాక ఏం మారింది, పాడేవాళ్లు ముందే కూడబలుక్కుంటే ఏమవుతుంది, ఇవన్నీ నాకన్నా వెనక వరసలవాళ్లకే ఎక్కువ తెలుసు. అయ్యా, మీరే, కళ్లద్దాలాయన, ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు. మైకు అటు ఇవ్వండి.